బేస్ కడుపులో సీసా

పాట ఇంకా సరిగ్గా ఎత్తుకోనే లేదు, ఎడ్వర్డు మొహం పక్కకి తిప్పుకున్నాడు. తప్పు పాటది కాదు. ఎడమ పక్కన ఐసు మీద నోళ్ళు తెరుచుకుని పడున్న ఆయిస్టర్లు, కుడి పక్కన బుడబుడమంటూ కారుతున్న చాక్లెట్ ఫౌంటెన్, రెంటి మధ్యా పెద్ద ఫిడేలులాంటి మనిషెత్తు డబుల్ బేస్‌ని వాటేసుకుని తను. ఫొటోల్లో బాగుంటుందని మేనేజరు అమర్నాథ్ ఏరి కోరి అక్కడ నిలబెట్టాడు. ఈ అరబ్బు దేశపు హోటల్లో శుక్రవారం సెలవు మధ్యాహ్నం కదా, బ్రంచ్. నమాజు వేళ దాటాక మొదలుపెట్టి పొద్దు వాలేదాకా తింటూనే ఉంటారు, తిన్నదానికంటే ఎక్కువ వదిలేస్తారు, వదిలేసిన పళ్ళెం పక్కకి తోసి ఇంకో పళ్ళెం నింపుకుంటారు. నీచు వాసన, గొర్రెకొవ్వు కాలిన వాసన, చాక్లెట్ తీపి వాసన మూడూ కలిసి ఏసీ గాలిలో గడ్డకట్టి ముక్కు దగ్గరే వేలాడుతున్నాయి. నెత్తిన ఒక పాతకాలపు టోపీ, తెల్ల చొక్కా మీద భుజాలకి పట్టీలు, ఇదంతా అమర్నాథ్ కట్టించిన వేషం. ఆ కాలం వాళ్ళలా ఉండాలట. ఏ కాలం? ఎవరి కాలం? వేలు తీగ మీద పడింది, తీగ మోగింది, ఎడ్వర్డు నడక మొదలుపెట్టాడు. బేస్ వాయించేవాడి పని నడవడమే. పియానో ఎగిరినా, డ్రమ్ము దూకినా, కొలతకి నాలుగడుగుల చొప్పున కింద నేలలా ఆగకుండా నడవాలి. చేతులు నడుస్తుంటే మనసుకి పనుండదు. అక్కడే వచ్చింది చిక్కు.

బేస్ వీపు అతని కడుపుకి ఆనుకుని ఉంది. ఎన్నేళ్ళుగానో అలాగే ఆనుకుంటోంది, ఈవేళే ఆ ఆనుడు గుచ్చుకుంటోంది, ఎందుకంటే ఆ వీపు మీద నీలంరంగు సుద్దగీతలు ఉన్నాయి. బ్రంచ్‌కి ముందు సామాన్ల గదిలో వడ్రంగి నర్సింలు గీసి వెళ్ళాడు. కామారెడ్డి దగ్గర ఏదో ఊరు, ఏషియన్ టౌన్ పక్కన పనివాళ్ళ క్యాంపు, నోట్లో ఎప్పుడూ ఒక మేకు. "సారూ, దీని వీపు దిక్కు గీతలు గీసుకుంట. మీ వాయించుడు అయినంక కిందికి తీస్కపోత" అన్నాడు. ఇప్పుడే గీయాలా అంటే, "మేనేజర్ సార్ ఫోటో పంపుమన్నడు. నాకేమెరుక సారూ, కోయమంటే కోస్త" అని, వంగి చెక్క మీద వేలితో కొట్టి చూసి, "మంచి కట్టెనే ఇది, మా అత్తగారింట్ల దర్వాజ గిట్లనే మోగుతది" అని మెచ్చుకున్నాడు కూడా. బ్రంచ్ అవగానే బేస్ కింది అంతస్తులోని వడ్రంగం గదికి పోతుంది. వీపు చెక్క కోసి తీసేస్తారు. లోపల గాజు అరలు, అరల్లో విస్కీ సీసాలు, మధ్యలో సన్నటి లైట్లు. తెరవబోయే కొత్త బార్ నట్టనడుమ దీన్ని నిలబెడతారు, ముందు నుంచి గెస్టులు ఫొటోలు తీసుకుంటారు, వెనక నుంచి బార్ వాళ్ళు సీసాలు తీస్తారు. ఆ బార్‌కి పేరు కూడా పెట్టేశారు, 'సత్యాస్' అని. సత్య అంటే సత్యవేదం, ఎడ్వర్డు తాత. ఎడ్వర్డు దీనికంతటికీ సరేనన్నాడు. నిన్న మధ్యాహ్నం అమర్నాథ్ గదిలో, చల్లటి నిమ్మరసం తాగుతూ, "సరే సార్" అన్నాడు. పైన షీరీన్ పియానో గలగలా పోతోంది, వెనక అర్ఫాత్ డ్రమ్ముల మీది ఇత్తడి పళ్ళెం మీద పుల్లతో చిటచిటలాడిస్తున్నాడు, వాళ్ళిద్దరికీ ఈ సంగతి తెలియదు, వాళ్ళకి బేస్ అంటే వెనక వినపడే చప్పుడు.

ఇదంతా ఎలా మొదలైందో తల్చుకుంటే తన మీద తనకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది. అమర్నాథ్ కొత్తగా వచ్చిన వారంలోనే స్టాఫందరినీ హాల్లో కూర్చోబెట్టి ఒక్కొక్కళ్ళూ మీ కథ చెప్పండి అన్నాడు. తెనాలి కుర్రాడు, తియ్యటి మాట, అందర్నీ అన్నా అక్కా అనేస్తాడు. పక్కలు పరిచే జహనారా లేచి మా ఊరు సిల్హట్ అని చెప్పి కూర్చుంది. ఇంకెవరో క్రికెట్ ఇష్టమన్నారు. అలా ఒక్క ముక్క చెప్పి కూర్చుంటే ఎవరి సొమ్మేం పోయేది? కానీ నరసాపురం మిషను కాంపౌండులో పుట్టి పెరిగినవాడిని లేపి నిలబెట్టి నీ కథ చెప్పు అంటే వాడికి తెలిసిన పద్ధతి ఒక్కటే, చర్చిలో లేచి చెప్పే సాక్ష్యం. చేతులు ముందు కట్టుకోవాలి, తల కొంచెం వంచాలి, ముందు పాపపు గుంట ఎంత లోతో చెప్పాలి, తర్వాత ఇంకా లోతని చెప్పాలి, వినేవాళ్ళు అయ్యో అయ్యో అనే దాకా చెప్పి అప్పుడు వెలుగులోకి రావాలి. ఎడ్వర్డు జీవితంలో గుంటలేవీ లేవు. అందుకని తాతయ్యది ఎత్తుకున్నాడు. యుద్ధం రోజుల్లో కలకత్తా హోటళ్ళు, బీబాప్ అనే వేగపు జాజ్, అర్ధనగ్నపు నాట్యాలు, తాగుడు, ఆ తాగుడు ఎంతదాకా పోయిందంటే ఈ వాయిద్యపు కడుపులో సీసా దాచుకుని పాట పాటకీ తీసి తాగేవాడని. తాతయ్య ఎలా చెప్పేవాడో అలాగే, ఎక్కడ ఆగేవాడో అక్కడే ఆగి చెప్పాడు. వెలుగు దగ్గరికి వచ్చేలోపే అమర్నాథ్ లేచి చప్పట్లు కొట్టాడు. "అన్నా, ఇది కథ కాదన్నా, బ్రాండు!" అన్నాడు. ఆ సాయంత్రానికే తాతయ్య ఫొటో పంపమన్నాడు. ఇప్పుడు అదిగో, గుమ్మం దగ్గర నిలువెత్తు అట్ట మీద తాతయ్య, చేతిలో ఆయన ఎన్నడూ పట్టుకోని గ్లాసు, కంప్యూటర్లో పెట్టిన గ్లాసు. దాని పక్కన నిలబడి ఎవరో నాలుక బయటపెట్టి ఫొటో దిగుతున్నారు.

ఒకాయన పాట మధ్యలోనే దగ్గరికి వచ్చాడు. గొర్రె ఎముక పట్టుకున్న చేత్తోనే ఎడ్వర్డు నెత్తిమీద టోపీ తీసి తను పెట్టుకుని, భార్య వైపు తిరిగి, కెమెరా సిద్ధమయ్యేదాకా ఊరుకోలేక బేస్ తీగని ఒక్కటి లాగి వదిలాడు. ధన్‌మని పాటకి పడని స్వరం. నవ్వాడు. ఎడ్వర్డు కూడా నవ్వాడు, ఉద్యోగంలో ఉన్న నవ్వు. ఫొటో అయ్యాక టోపీ తిరిగి ఎడ్వర్డు నెత్తిన పెట్టి ఆయన వెళ్ళాక చూస్తే తీగ మీద కొవ్వు, వేలు పెడితే జారుతోంది, ఆ జారుడు వేలి నుంచి మోచేతి దాకా పాకినట్టు ఒళ్ళంతా కంపరం. చేతిగుడ్డతో తుడిచాడు, తుడుస్తూనే రెండో చేత్తో నడిచాడు. గుడ్డకి కూడా వాసన పట్టింది. బేస్ లోపల ఎప్పుడూ ఒక తడి గుడ్డపేలిక వేలాడదీసి ఉంచుతాడు, ఈ ఏసీకి చెక్క ఎండి పగలకుండా. ముందు వైపు ఉన్న రెండు వంకర సందుల్లోంచి దాన్ని దూర్చాలంటే అగరొత్తి అంత సన్నగా చుట్టాలి, అప్పటికీ సణిగి సణిగి గాని దూరదు. ఇరవయ్యేళ్ళుగా రోజూ దూరుస్తున్నాడు. అయినా ఆ హాల్లో నిలబడి ఇందులో సీసా దాచేవాడని చెప్పాడు. చెబుతున్నప్పుడు నమ్మాడు కూడా. సాక్ష్యం మహిమ అదే కాబోలు, కళ్ళెదుట ఉన్నది కూడా కనపడనివ్వదు.

షీరీన్ పాట మార్చింది. ఇది వేగంగా పోయే పాట, దీన్ని ఆవిడ తినేవాళ్ళ కోసం మెత్తగా, నానబెట్టిన రొట్టెలా వాయిస్తుంది. తాతయ్య వింటే ఏమనేవాడో. ఏమీ అనేవాడు కాదు, ఆయన మాట్లాడేది వేదిక మీదే. పొడుగ్గా ఉన్నాడని మిషను బ్యాండులో పెద్ద ఫిడేలు ఆయనకి అంటగట్టారు, అంతే, అంతకు మించి పిలుపూ లేదు, కలా లేదు. జపాను వాడు బాంబులు వేస్తున్నాడని కలకత్తా హోటళ్ళలో వాయించేవాళ్ళు సగం మంది పారిపోతే, ఖాళీ అయిన కుర్చీ ఉందని తెలిసి రైలెక్కాడు. చావుకి భయపడనివాడేం కాదు, ఇంట్లో ఉపదేశిగారైన తండ్రికి ఇంకా ఎక్కువ భయపడేవాడు. అక్కడ హోటల్లో ముందు గుమ్మంలోంచి బ్యాండు వాళ్ళని రానిచ్చేవారు కాదట, వంటింటి వెనక గుమ్మమే. ఆ వెనక గుమ్మం దగ్గరే, మురుగుకాలవ పక్కన, ఒక నల్లజాతి అమెరికా సైనికుడు నిలబడి ఉండేవాడు, అతన్నీ ముందు నుంచి రానిచ్చేవారు కాదు గనక. తన ఊళ్ళో ఉన్నప్పుడు అతనూ బేస్ వాయించేవాడట. ఇద్దరికీ భాష సరిగ్గా కలవదు. అతను తాతయ్య చెయ్యి పట్టుకుని వేలికొసతో కాదు, వేలి పక్కతో లాగు అని చూపించాడు. ధం అని ఒకటి కొట్టి ఆగడం కాదు, ఆగకుండా నడవాలి, నడుస్తూ దారి మార్చాలి, పైవాడు ఎటు ఎగరబోతున్నాడో వాడికంటే ముందే నువ్వక్కడ ఉండాలి. యుద్ధం అయ్యాక సైనికుడు వెళ్ళిపోయాడు, ఓడల్లో కొత్త రికార్డులు వచ్చాయి. బీబాప్. ఎవరూ అడుగు కలపలేనంత వేగం, డాన్సు కోసం కాదు, వినడం కోసం. ఆ రికార్డుల్లో బేస్ సరిగ్గా వినపడి చచ్చేది కాదు, అందుకని తాతయ్య గ్రామఫోను పెట్టె అంచుని పళ్ళతో కరిచిపట్టుకుని వినేవాడు. చెవికి అందని అడుగు స్వరం పళ్ళలోంచి ఎముకలోకి దిగేది. రోజంతా అలా కరుచుకుని కూర్చుని, సాయంత్రం హోటల్లో అదే వాయిస్తే, డాన్సు చేసే దొరల కాళ్ళు తడబడ్డాయి. తీసేశారు. ఇంకో హోటల్లో చేరాడు, అక్కడా తీసేశారు. బొంబాయి వెళ్ళాడు. అక్కడ ఆదివారం పొద్దుటిపూట వాయించేవాళ్ళు వాయించేవాళ్ళ కోసమే కూడే చోటొకటి ఉండేది, అక్కడ మొదటిసారి పియానో, ట్రంపెట్టు, డ్రమ్ము అన్నీ ఆగి ఆయన బేస్ ఒక్కదాన్నే పోనిచ్చాయట. అంతకు ముందు మన దేశంలో బేస్ అలా ఒంటరిగా పరుగెత్తడం ఎవరూ వినలేదని అప్పటివాళ్ళు చెప్పుకునేవారు. ఊళ్ళ నుంచి వచ్చి కింద కూర్చుని ఆయన వేళ్ళు చూసేవారట. కొద్దికాలమే. మద్యనిషేధం వచ్చింది, క్లబ్బులు మూతపడ్డాయి. మద్రాసు వెళ్ళి సినిమా పాటల వెనక వాయించాడు, హీరోయిన్ సిగ్గుపడుతుంటే కింద ధుం ధుం అనే చప్పుడు ఆయనదే, ఎవరికి తెలుసు? ఆ తర్వాత కరెంటు గిటారు వచ్చి బేస్ పని లాక్కుంది. కడుపులో పుండు వచ్చింది. పుండునీ, బేస్‌నీ, భార్య సుసన్ననీ వెంటబెట్టుకుని నరసాపురం తిరిగొచ్చాడు. ఇంత చేసినవాడి బతుకుని తీసుకొచ్చి చాక్లెట్ ఫౌంటెన్ పక్కన నిలబెట్టింది ఎవరయ్యా అంటే, మనవడు.

తాతయ్య ఊరొచ్చిన ఏడాది చర్చివాళ్ళు ఉజ్జీవ కూటాలని, భక్తి రగిలించే సభలు పెట్టారు. పాలకొల్లు నుంచి వచ్చిన ప్రసంగీకుడు లోకసంబంధమైనవన్నీ తెచ్చి మంటలో వెయ్యమన్నాడు. జనం సినిమా పుస్తకాలు వేశారు, పేకముక్కలు వేశారు, ఒకావిడ మొహానికి రాసుకునే స్నో డబ్బా వేసింది. సత్యవేదం ఇంట్లో ఏముందో ఊరందరికీ తెలుసు, నలుగురు వెళ్ళి ఎత్తుకొచ్చారు. ఇంక మంటలో పడబోతుండగా తాతయ్య వేదిక ఎక్కాడు. దీన్ని కాల్చొద్దు, దీన్ని సాక్ష్యం కోసం ఉంచండి, చూపిస్తే గాని జనం నమ్మరు అన్నాడు. ఆ రాత్రే మొదలైంది. కాల్చకుండా ఉంచాలంటే దాంట్లో పెద్ద పాపమే ఉండాలి కదా, వట్టి చెక్కలో ఏం పాపం ఉంటుంది? అందుకని దాని కడుపులో సీసా పెట్టాడు, మాటతోనే. ఏటా కూటాలకి బేస్‌ని వేదిక ఎక్కించేవారు, తాతయ్య, పాపం తనని ఎలా పిలిచేదో చూపిస్తానని కాసేపు వాయించేవాడు. అదే ఆయనకి మిగిలిన కచేరీ. కింద కూర్చున్న పెద్దలు స్తోత్రం స్తోత్రం అంటూనే బొటనవేళ్ళు ఆడించేవారు. ఏటేటా ఆ పాపం పొడుగవుతూ వచ్చింది, చివరి ఏళ్ళలో పావుగంట పైన ఉండేది, కళ్ళు మూసుకుని, దవడ బేస్ భుజానికి ఆనించి. ఎడ్వర్డు బేస్ నేర్చుకున్నది ఆ పావుగంటల్లోనే. నాయనమ్మ మాత్రం ఆడవాళ్ళ వైపు గోడ పక్కన కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఏడుస్తోందనుకునేవారు అందరూ. ఒకసారి ఇంటికొచ్చి చేపలు తోముతూ అంది, "మీ తాత నోట చుక్క పడలేదురా ఎడ్డీ. పుండు మనిషి, బార్లీ నీళ్ళు కాచి పోసి బతికించుకున్నాను. ఆయనకి పాపం చెయ్యడం రాదు, చెప్పడం వచ్చు. ఆ సందులో నా అట్లకాడ కూడా పట్టదు, సీసా అంట, సీసా." అప్పుడు ఎడ్వర్డుకి తాతయ్య మీద అసహ్యం పుట్టింది. దేవుడి ఎదుట ఏటా అబద్ధమాడే మనిషి. ఆయన పోయేదాకా ఆ అసహ్యం పోలేదు, ఆయన పక్కన కూర్చుని అన్నం కూడా తినేవాడు కాదు.

పోయి పోయి ఇక్కడ, ఈ నీచు వాసనలో, వేళ్ళు నడుస్తుండగా తట్టింది. తాతయ్య ఆ అబద్ధం ఆడింది బేస్‌ని మంటలోంచి లాగడానికి. తను అదే అబద్ధాన్ని ఎవరూ అడక్కపోయినా తీసుకొచ్చి కోతకి అప్పగించాడు. ఛీ. ఆ ఛీ పైకే వచ్చింది, షీరీన్ వెనక్కి తిరిగి చూసింది, తను తప్పు మెట్టు నొక్కిందేమోనని.

పొద్దున భార్య రెజీనా ఈ చొక్కా ఇస్త్రీ చేస్తూ ఒకే చెయ్యిని మళ్ళీ మళ్ళీ రుద్దింది. అల్ ఘర్రాఫాలో విల్లా వెనక భాగంలో వాళ్ళకి రెండు గదులు, అందులో ఒకటి కూతురు డయానా చదువుకి. పన్నెండో క్లాసు, మార్చిలో పరీక్షలు. ముగ్గురి వీసా ఎడ్వర్డు ఉద్యోగం మీదే ఉంది, అతని కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి. బేస్ ఇస్తే 'మ్యూజిక్ హోస్ట్' అని కొత్త పేరుతో పొడిగిస్తానన్నాడు అమర్నాథ్. అంటే బార్ గుమ్మం దగ్గర నిలబడి రోజూ ఈ కథ చెప్పడం, వాయించడం కాదు, వాయించడానికి ఏముంటుంది ఇంక, సీసాలుంటాయి. "చెక్కేగా" అంది రెజీనా. "పిల్ల పరీక్షలయ్యేదాకా నోరు మూసుకో ఎడ్వర్డూ, తర్వాత నీ ఇష్టం." అన్నాక ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అతని ముఖం కేసి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. తల్లీ కూతుళ్ళు ఈపాటికి అబూ హమూర్ చర్చి నుంచి వచ్చేసి ఉంటారు. శుక్రవారం ఆరాధనకి ఎడ్వర్డు వెళ్ళలేడు, అందుకని అక్కడి తెలుగు సంఘంలో బార్లో పనిచేసే సహోదరుడని అతని కోసం పేరెత్తి ప్రార్థన చేస్తారు. "ఈ ఉద్యోగం వదిలేస్తే నీకు బ్రహ్మాండమైన సాక్ష్యం ఉంటుంది బ్రదర్" అన్నాడు ఒకసారి పాస్టరుగారు, భుజం తట్టి, నోరూరినట్టు. అక్కడా అదే, ఇక్కడా అదే. వాళ్ళకి పాపం కావాలి, వీళ్ళకీ పాపమే కావాలి, వాళ్ళు ప్రార్థనతో మింగుతారు, వీళ్ళు ఐసు వేసుకుని మింగుతారు. తాతయ్య వాయించాడన్న సంగతి ఎవరికీ అక్కర్లేదు.

పాట అయిపోయింది. చప్పట్లు రెండు మూడు పడ్డాయి, ఫోర్కు కింద పెట్టడానికి బద్ధకించినవాళ్ళ చప్పట్లు. అమర్నాథ్ మైకు పట్టుకుని వచ్చాడు, సెంటు వాసన ముందూ తను వెనకా. చెవి దగ్గర తెలుగులో, "ఎడ్వర్డన్నా, రెండు నిమిషాలంతే. ఆ సీసా ముక్క బాగా చెప్పండి, అక్కడ కొంచెం ఆగండి, మీరు ఆగితే భలే ఉంటుంది" అన్నాడు. మైకులో ఇంగ్లీషులో, ఇదిగో ఈ వాయిద్యాన్ని మీరు చివరిసారి వింటున్నారు, వచ్చేవారం ఇదే మీకు విస్కీ పోస్తుంది అన్నాడు. నవ్వులు. ఈసారి చప్పట్లు గట్టిగా పడ్డాయి. గుమ్మం పక్కన నర్సింలు ట్రాలీ పట్టుకుని నిలబడి ఉన్నాడు, నోట్లో మేకు.

మైకు చేతికి రాగానే ఎడ్వర్డు చేతులు వాటంతటవే ముందుకి కట్టుకోబోయాయి, ప్రభువు నామంలో అందరికీ వందనాలు అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు. టోపీ తీసి చాక్లెట్ ఫౌంటెన్ బల్ల మీద పెట్టాడు. ఎదురు బల్ల దగ్గర ఐసు బకెట్లో షాంపేన్ సీసా ఉంది. వెళ్ళి దాన్ని తీశాడు, ఆ బల్ల వాళ్ళు ఆటేమోనని సంబరపడ్డారు. నీళ్ళు కారుతున్న సీసాని తెచ్చి బేస్ ముందువైపు వంకర సందు దగ్గర ఆనించాడు. నెట్టాడు. పట్టలేదు. తిప్పి నెట్టాడు. మూతి కూడా దూరలేదు. రెండో సందు దగ్గర పెట్టాడు, అక్కడా అంతే. హాల్లో వాళ్ళు ఒక్కొక్కళ్ళే ఫోర్కులు కింద పెట్టి, ఏదో చూపిస్తాడని చూస్తున్నారు. "పట్టదు" అన్నాడు మైకులో. వాళ్ళ ఇంగ్లీషులోనే, నెమ్మదిగా. "ఎప్పుడూ పట్టలేదు. మా తాతయ్య సత్యవేదం తాగలేదు, కడుపులో పుండు ఉండేది, బార్లీ నీళ్ళు తాగేవాడు. సీసా సంగతి అబద్ధం. దీన్ని మంటలో వేస్తుంటే కాపాడుకోవడానికి ఆడాడు. నేను కాపాడుకోవడానికి ఏమీ లేకుండానే ఆడాను. ఆయన బేస్ వాయించాడు. అంతే ఆయన కథ." ఎవరో ఒకరు నవ్వారు, పక్కవాళ్ళు నవ్వకపోయేసరికి ఆపేశారు. అమర్నాథ్ పళ్ళు బయటపెట్టే నిలబడ్డాడు, కళ్ళు మాత్రం నవ్వడం మానేశాయి.

మైకు నేల మీద పెట్టేశాడు ఎడ్వర్డు. దవడ బేస్ భుజానికి ఆనించాడు, అక్కడ చెక్క కొంచెం అరిగి గుంటపడి ఉంది, ఇన్నేళ్ళూ తన కోసమే అన్నట్టు. ఆ పావుగంటని ఎత్తుకున్నాడు. నరసాపురం పందిట్లో పాపమనే పేరుతో దాక్కున్న పాట, అంతకు ముందు బొంబాయిలో ఏ ఆదివారమో అందరూ ఆగి పోనిచ్చిన పాట. వేగంగా, తినేవాళ్ళకి ఏమాత్రం సాయం చేయనంత వేగంగా. షీరీన్ అందుకోబోయి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అందంగా వచ్చిందని చెప్పలేం, ఒక తీగకి ఇంకా కొవ్వు ఉంది, రెండు చోట్ల జారింది, వేళ్ళు మంటెత్తాయి. ఒక బల్ల వాళ్ళు ముఖం చిట్లించి వెయిటర్ని పిలిచారు. ఓ పిల్ల చెవులు మూసుకుంది. ఆయిస్టర్ల దగ్గర ఇద్దరు మళ్ళీ తినడం మొదలుపెట్టారు. దవడలోంచి పళ్ళలోకి, పళ్ళలోంచి ఎముకలోకి ఆ అడుగు స్వరం దిగుతోంటే ఎడ్వర్డుకి ఈ రోజులో మొదటిసారి హాలు వాసన తెలియలేదు. పూర్తి పావుగంట వాయించనివ్వలేదు. అమర్నాథ్ వచ్చి తీగల మీద చెయ్యి వేశాడు.

"ఏంటన్నా ఇది? గెస్టుల ముందు పరువు తీశారు."

"బేస్ ఇవ్వను సార్."

"నిన్న సరే అన్నారు."

"అన్నాను. ఇవ్వను."

"నెలాఖరుకి ఏమవుతుందో తెలుసుగా మీకు?"

"తెలుసు సార్."

అమర్నాథ్ అతన్ని పైనుంచి కిందికి చూసి, కడుపు దగ్గర ఆగి, ముక్కు చిట్లించి, "ముందు ఆ చొక్కా మార్చుకోండి, చూడలేకపోతున్నాను" అని తిరిగి వెళ్ళిపోయాడు. మైకు తీసుకుని డెజర్ట్‌ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నర్సింలు ట్రాలీ తోసుకుంటూ దగ్గరికి వచ్చాడు. బేస్‌ని తిప్పి వీపు చూసి, ఎడ్వర్డు వైపు చూసి, నోట్లో మేకు చేతిలోకి తీసుకుని నవ్వాడు. "గీతలన్ని మీ అంగి మీదికే అచ్చినయ్ సారూ. ఈడ ఒక్కటి లేదు. మల్ల గియ్యాల్నా, వద్దా?"

"వద్దు నర్సింలూ."

"అట్లనే. నాకేం, పని తప్పింది" అని, వెళ్ళబోయి, ఖాళీ ట్రాలీ తోసుకుపోవడం ఎందుకని దాన్ని అక్కడే వదిలేశాడు. ఎడ్వర్డు కిందికి చూసుకున్నాడు. రెజీనా అంతసేపు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మీద, కడుపుకి అడ్డంగా, అరలు ఎక్కడెక్కడ రావాలో అక్కడక్కడ, నీలం గీతలు. తుడవలేదు. బేస్‌ని ట్రాలీ మీదికి ఎక్కించి సర్వీసు లిఫ్టు దాకా తోసుకెళ్ళాడు. లిఫ్టులో అప్పటికే వదిలేసిన భోజనం నిండిన డబ్బాలున్నాయి, రొయ్యతలలు, సగం కొరికిన కేకులు, గొర్రెకొవ్వు తెల్లగా పేరుకుని. వాసన మళ్ళీ వచ్చి ముక్కుకి కొట్టింది. గోడకి చేరబడి ఫోను తీసి ఇంటికి చేశాడు. అవతల కుక్కరు విజిలు, డయానా ఏదో పాఠం పైకి చదువుతున్న గొంతు.

"రెజీనా, చొక్కాకి సుద్ద అంటింది."

"ఉతికితే పోతుందిలే. ఏమైంది, గొంతు అలా ఉందేం?"

"బేస్‌ని ఇంటికి తెస్తున్నాను."

కుక్కరు ఇంకో విజిలు వేసి ఆగింది. డయానా చదువు ఆపింది, తల్లి ముఖం చూసి కాబోలు.

"ఏ ఇంటికి ఎడ్వర్డూ?" అంది రెజీనా.